సదస్సు నుంచి వచ్చిన కాపరిని ఏమడగాలి?



సికింద్రాబాద్‌లో ఏడాది పొడుగునా ఏదో ఒక చోట ఒక ఫ్లెక్సీ కనబడుతూనే ఉంటుంది. పాస్టర్ల సదస్సు, నాయకత్వ శిక్షణ, సంఘాభివృద్ధి సెమినార్. కొన్ని హోటల్ హాళ్లలో, కొన్ని చర్చి ఆవరణల్లో, మరికొన్ని జూమ్‌లో. కాపరులు వెళ్తున్నారు. మెడలో బ్యాడ్జీ, చేతిలో నోట్‌బుక్, చివరి రోజున శాలువా, సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. ఆదివారం ఆరాధనకు తిరిగి వచ్చేస్తారు. ఆ తర్వాత సంఘంలో ఏమి మారింది?

ఈ ప్రశ్న అడిగే అలవాటు మనకు లేదు. అడిగితే దైవజనుణ్ణి అగౌరవపరచినట్టవుతుందని విశ్వాసుల భయం. కానీ రిజిస్ట్రేషన్ రుసుము, రైలు టికెట్టు చాలాచోట్ల కానుక సంచిలోంచే వస్తాయి. నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లి వేసిన పది రూపాయలు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి అడగడం సంఘం బాధ్యత. చెప్పడం కాపరి బాధ్యత.

సదస్సులు వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. కాపరిది ఒంటరి పని. ఆస్పత్రి మంచం దగ్గర, సమాధుల తోటలో, భార్యాభర్తల తగాదాలో అందరి భారమూ వింటాడు. తన భారం చెప్పుకోవడానికి మాత్రం మనిషి దొరకడు. డయాసిస్‌లో ఉన్నవారికి బిషప్, తోటి గురువులు ఉంటారు. స్వతంత్ర సంఘాల కాపరులకు అదీ లేదు. సెమినరీ గడప తొక్కే అవకాశం రానివారికి సదస్సే పాఠశాల. బదరీవృక్షం కింద ఇక చాలని కూలబడిన ఏలీయాకు దేవుడు మొదట నిద్ర, ఆహారం ఇచ్చాడు. తర్వాత, నీవొక్కడివే మిగల్లేదని తెలియజేశాడు, తోడుగా ఎలీషాను చూపించాడు (1 రాజులు 19). మంచి సదస్సు కాపరికి చేసేది కూడా అదే.

అయితే వెళ్లివచ్చిన కాపరి అక్కడ ఏమి నేర్చుకోవాలి? దీనికి జవాబు మన గడ్డమీదే ఉంది. సికింద్రాబాద్‌లో విజయవాడ వైపు రైలెక్కితే కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో మిషనరీగా అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సదస్సుకు వెళ్లారు. దాదాపు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియా వాళ్లు 20 మంది కూడా లేరు. అంత పెద్ద సభలో ఆయన తియ్యని మాటలు చెప్పలేదు. మిషనరీలు త్యాగంతో చాలా ఇచ్చారు, కానీ భారతీయ సేవకులను సమానులుగా చూసే స్నేహం ఇవ్వలేదని సూటిగా అన్నారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. ఆ ప్రసంగం మాత్రం ఈనాటికీ గుర్తుంది. తన పొలంలోని నిజాన్ని సదస్సుకు మోసుకెళ్లినవాడాయన. మనవాళ్లు చాలామంది వినడానికే వెళ్తారు. వేదిక మీద చెప్పినదాన్ని తమ ఊరి సంగతితో సరిచూసి, అది మాకు ఇలా పొసగదని చెప్పేవారు అరుదు.

1912 డిసెంబరు 29న అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1919 మే నెలలో ట్రాంక్విబార్‌లో (నేటి తరంగంబాడి) జరిగిన చిన్న సమావేశంలో ఆయన ముఖ్యుడు. వచ్చినవారు ముప్పై మందికి కాస్త పైన. ఒకరిద్దరు తప్ప అందరూ భారతీయులే. సంఘాల మధ్య ఉన్న చీలికలు మనం తెచ్చుకున్నవి కావు, బయటి నుంచి మన మీద పడ్డవి, అవి సువార్తకు అడ్డమని వారు తేల్చారు. అక్కడ మొదలైన సంభాషణ 28 ఏళ్లు నడిచి, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేదాకా వెళ్లింది. ఆ రోజు చూడడానికి అజరయ్య లేరు. 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. మూడు రోజుల్లో సంఘాన్ని రెట్టింపు చేసే సూత్రాలు అమ్మే ఈ కాలానికి ఇదొక బుద్ధి. విత్తినవాడు కోత చూడకపోవచ్చు.

ఈ రెంటికంటే ముఖ్యమైన సంగతి, ఆయన పెద్ద సభల నుంచి తిరిగి పల్లెకు వచ్చారు. పల్లె ఉపదేశకులకు, వారి భార్యలకు శిక్షణ ఇచ్చే పని చేశారు. చదువురాని కూలీ విశ్వాసి కూడా పొరుగువాడికి సాక్ష్యం చెప్పాల్సినవాడేనని నేర్పారు. ఆయన దృష్టిలో నాయకత్వం అంటే నలుగురిని తయారుచేయడం.

ఇప్పుడు మరో వైపు చూద్దాం. అమెరికాలో షికాగో దగ్గరి విల్లో క్రీక్ సంఘ స్థాపకుడు బిల్ హైబెల్స్ 1995లో నాయకత్వ సదస్సు ఒకటి ఆరంభించారు. గ్లోబల్ లీడర్‌షిప్ సమ్మిట్ పేరుతో అది వీడియో ద్వారా వందకు పైగా దేశాలకు చేరింది. 2018లో పలువురు స్త్రీలు ఆయన తమతో అనుచితంగా ప్రవర్తించారని చెప్పారు. ఆయన కాదన్నారు, కానీ ఏప్రిల్‌లో పదవి నుంచి తప్పుకున్నారు. మొదట ఆ స్త్రీల మాట సరిగా వినని సంఘపెద్దలు ఆగస్టులో క్షమాపణ చెప్పి రాజీనామా చేశారు. ఆ ఆరోపణలు నమ్మదగినవేనని 2019లో ఒక స్వతంత్ర బృందం తేల్చింది. ప్రపంచానికి నాయకత్వం నేర్పిన సంఘంలోనే నాయకుణ్ణి ఆపి నిలదీయగల ధైర్యం వేళకు కనబడలేదు. వేదిక ఎంత పెద్దదైనా, ఇంటి దగ్గర లెక్క అడిగే మనిషి లేకపోతే ఆ నాయకత్వం నిలవదు. మన దగ్గర ఇలాంటివి జరగవని ఎవరూ ధీమాగా ఉండకూడదు. కాపరి మాటే చివరి మాటగా నడిచే సంఘాలు మన బస్తీల్లోనూ ఉన్నాయి.

అందుకే సంఘాలకు నాలుగు మనవులు. ఒకటి, కాపరిని ఒంటరిగా పంపకండి. ఒక పెద్దను గానీ, స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపించే ఒక సహోదరిని గానీ తోడు పంపండి. ఇద్దరు విన్నది ఒకరు మరచినా మరొకరికి గుర్తుంటుంది. రెండు, తిరిగి వచ్చిన నెలలోపు సంఘ కమిటీ ముందు ఏమి విన్నారు, ఎంత ఖర్చయింది, మనకు పనికొచ్చేదేమిటి అన్నది చెప్పమనండి. మూడు, పది కొత్త పనులు మొదలుపెట్టవద్దు. ఒక్కటి ఎంచుకుని ఏడాది చేసి చూడండి. కొరియాలో ఫలించిన సెల్ గ్రూపు, రాత్రి షిఫ్టు చేసేవాళ్లున్న మన బస్తీలో అదే రోజున, అదే వేళకు నడవకపోవచ్చు. నాలుగు, ఖర్చు భరించలేక రాలేని పల్లె కాపరులను మరవకండి. ఒకరోజు సదస్సుకు వస్తే ఆ రోజు కూలి పోయే కాపరులున్నారు. నగర సంఘం తన కాపరిని పంపినప్పుడల్లా ఒక పల్లె కాపరి ఖర్చు కూడా భరిస్తే, ఆ సదస్సు విలువ రెట్టింపవుతుంది.

కాపరులకూ ఒక మాట. బాప్టిస్టు, లూథరన్, మెథడిస్టు, సి.ఎస్.ఐ., పెంతెకొస్తు కాపరులు జంటనగరాల్లో పక్క పక్క వీధుల్లోనే ఉన్నారు. నెలకొకసారి నలుగురు కూర్చుని, టీ తాగి, ఒకరి బలహీనత ఒకరితో చెప్పుకుని ప్రార్థించుకోవడానికి హోటల్ హాలు అక్కరలేదు.

పౌలు కూడా యెరూషలేముకు వెళ్లి, తాను ప్రకటించే సువార్తను అక్కడి పెద్దల ముందు ఉంచాడు. వారు ఆయనకు కుడిచెయ్యి ఇచ్చి, ఒకే ఒక్క మాట చెప్పి పంపారు: బీదలను జ్ఞాపకం చేసుకో (గలతీ 2). పౌలు దాన్ని నోట్‌బుక్‌లో వదిలేయలేదు. మాసిదోనియలో, అకయలో చందా పోగుచేసి యెరూషలేములోని బీద పరిశుద్ధుల కోసం తీసుకెళ్లాడు (రోమా 15). మన కాపరులు ఈ ఏడాది హాజరైన సదస్సుల వల్ల ఏ బీదకు ఏమి మేలు జరిగిందో వచ్చే కమిటీలో అడుగుదాం.