కొబ్బరాకు పందిట్లో పెళ్ళి

ఈస్టరు దాటిందంటే మన కోనసీమ సంఘాల్లో రెండు పనులు ఒకేసారి ఊపందుకుంటాయి. ఒకటి పిల్లల వి.బి.ఎస్., రెండోది పెళ్ళిళ్ళు. శ్రమదినాల్లో వివాహం చేయకూడదన్న పట్టింపు మన సంఘాల్లో చాలావాటికి ఉంది. అందుకని నలభై రోజులు ఆగిన పెళ్ళిళ్ళన్నీ బడులు తెరిచేలోగా జరిగిపోవాలి. ఈ రెండు పనులనూ ఒక్కటిగా కలిపేద్దామనే ఆలోచన ఇప్పుడు మన యువతలో కనిపిస్తోంది. వి.బి.ఎస్.లో పాటలు నేర్పుతూ, యూత్ క్యాంపుల్లో వడ్డనలూ గిన్నెలు తోమడాలూ పంచుకుంటూ పరిచయమైన పిల్లలు, పెద్దల అంగీకారంతో పెళ్ళి నిశ్చయమయ్యాక వచ్చి అడుగుతున్నారు. "ఫంక్షన్ హాలు వద్దండి అయ్యగారూ. మా కొబ్బరితోటలో, క్యాంపులాగా, అన్నీ మన చేతులతో చేసుకుని పెళ్ళి చేసుకుంటామండి" అని.

అమెరికాలో ఇది కొన్నేళ్ళుగా ఉన్న పద్ధతే. అక్కడ పిల్లల వేసవి శిబిరాలకు చెరువుగట్టునో అడవి అంచునో స్థిరమైన స్థలాలుంటాయి. శిబిరాలు లేని రోజుల్లో వాటిని అద్దెకు తీసుకుని, బంధుమిత్రులతో రెండు రోజులు అక్కడే ఉండి, ఆటలాడి, చలిమంట చుట్టూ పాటలు పాడి, మధ్యలో పెళ్ళి చేసుకుంటారు. పిలుపు కార్డులు, పూలగుత్తులు, బల్లల మీది అలంకారం చాలావరకు ఇంట్లో చేసినవే. మే నెలలో మన రాజోల్లో చలిమంట ఎవరికీ అక్కర్లేదు గాని, మిగతాది మనకు కొత్తేమీ కాదు. వెనుకటి రోజుల్లో మన వాకిళ్ళలో పెళ్ళిళ్ళు ఎలా జరిగేవో పెద్దవాళ్ళను అడగండి. ప్రార్థన చేసి సరుగుడు రాటలు పాతేవారు. మగవాళ్ళు కొబ్బరి మట్టలు దింపి తడికలు అల్లేవారు. పిల్లలు రంగుకాగితాలు కత్తిరించి ఉడికించిన మైదాపిండితో దారాలకు అంటించేవారు. ముందురోజు రాత్రి ఆడవాళ్ళు కూరలు తరుగుతూ కీర్తనలు పాడుతుంటే, పొరుగూళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు చాపల మీద పడుకుని వింటూ నిద్రపోయేవారు. దానికి క్యాంపు అన్న పేరు లేదంతే.

అయినా ఈ మాట వినగానే మన పెద్దల ముఖాలు మాడిపోతున్నాయి. "ఆడపిల్ల పెళ్ళి తోటలో చేస్తే ఊళ్ళో ఏమనుకుంటారండీ? మనమేమైనా లేనివాళ్ళమా?" అంటున్నారు. దీన్ని గర్వమని కొట్టిపారేయడం సులువే గాని న్యాయం కాదు. పెద్దవీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్ళడానికే అడ్డు చెప్పిన రోజులు మన సంఘాల్లోని ఎందరి తాతలో చూశారు. పేటలో పందిరి వేసుకోవడం వారు కోరి ఎంచుకున్నది కాదు, వారికి మరో చోటు లేదు. అటువంటి ఇంటి మనుమడు గల్ఫులో ఎండకు మాడి సంపాదించి, ఏసీ హాలులో చెల్లెలి పెళ్ళి చేసి, అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి భోజనం పెట్టినప్పుడు అతనికి కలిగిన తృప్తిలో ఆడంబరం ఒక్కటే లేదు. కొబ్బరాకు పందిరి అనగానే ఆ ఇంటివారికి అందం కనబడదు, పాత అవమానం కనబడుతుంది.

కానాలో యేసుప్రభువు చేసిన మొదటి సూచకక్రియను ఈ దృష్టితో చదవండి (యోహాను 2). ద్రాక్షారసం అయిపోవడం వల్ల ఎవరి ప్రాణమూ పోదు. పోయేది పెళ్ళివారి పరువు. ఆ పరువును ప్రభువు చిన్న విషయంగా చూడలేదు. "ఉన్నదానితో సరిపెట్టుకోండి" అని ప్రసంగించలేదు. రాతిబానలు నింపమన్నాడు. నీళ్ళు మోసిన పనివారికి రహస్యం తెలిసింది, విందు ప్రధానికి తెలియలేదు, పెళ్ళికొడుకు తలదించుకోవలసిన పని లేకుండా పోయింది. కాబట్టి ఆడపిల్ల తండ్రి పరువు గురించి మాట్లాడితే కాపరి విసుక్కోకూడదు.

మరి ఏం చేయాలి? దీనికి జవాబు నాకు నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో కనిపిస్తుంది. చెరలోనుంచి తిరిగివచ్చిన ప్రజలు ధర్మశాస్త్రం చదివించుకుని, పర్ణశాలల పండుగ ఆచరించాలని తెలుసుకున్నారు. లేవీయకాండం 23లో దేవుడు చెప్పిన ప్రకారం ఈతమట్టలు, గుబురు చెట్ల కొమ్మలు, కాలువల దగ్గర పెరిగే చెట్ల కొమ్మలు తెచ్చుకుని పర్ణశాలలు కట్టుకున్నారు. ఎక్కడ? మిద్దెల మీద, వాకిళ్ళలో, దేవుని మందిరపు ఆవరణల్లో, ఊరి గుమ్మాల దగ్గరి ఖాళీ స్థలాల్లో. మిద్దె మీద పాక వేసుకున్నాడంటే అతనికి కింద మంచి ఇల్లు ఉందన్నమాట. ఇల్లున్నవాడు కూడా ఆ ఏడు రోజులు ఆకుల కిందికి వచ్చి కూర్చున్నాడు. తమ పితరులు అరణ్యంలో పాకల్లో బ్రతికారని అందరూ గుర్తుచేసుకోవాలి గనుక ఆ ఆజ్ఞ అందరికీ ఒక్కటే. అందరూ పాకలోనే ఉన్నప్పుడు పాక ఎవరికీ అవమానం కాదు.

అందుచేత నా అభిప్రాయం ఇది. ఈ తోట పెళ్ళిళ్ళు ముందు ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో జరగాలి. సంఘంలో మేడలున్నవారు, ఉద్యోగస్థులు, విదేశాల్లో స్థిరపడిన పిల్లలున్నవారు, సంఘపెద్దలు, నాబోటి పాస్టర్లు తమ పిల్లల పెళ్ళిళ్ళు మొదట ఇలా చేయాలి. అప్పుడు కూలిపని చేసుకునే తండ్రి తన కూతురి పెళ్ళి వాకిట్లో చేస్తే ఎవరూ నోరెత్తరు. మనం హాలులో వెయ్యిమందికి బిర్యానీ పెట్టి, ఆదివారం ప్రసంగంలో బీదలకు నిరాడంబరత బోధిస్తే ఎవరు వింటారు? ఐదెకరాలున్నవాడు చేస్తే "ఎంత సింపుల్‌గా చేశారండీ" అంటారు. అదే పందిరి ఐదు సెంట్లవాడు వేస్తే "పాపం, లేదు కదా" అంటారు. ఈ రెండు మాటల మధ్య దూరం తగ్గించడం సంఘం పని.

ఎందుకంటే ఇందులో పోయేవి నిజమైన ఆస్తులు. అన్న రెండేళ్ళ గల్ఫు సంపాదన ఒక్క సాయంత్రం ఖర్చవుతోంది. తల్లి మెడలోది తాకట్టుకు వెళ్తోంది. అర ఎకరం తోట అమ్మి పెళ్ళి చేసి, ఆ తోటలోనే దింపు కూలికి వెళ్ళే తండ్రులుంటారు. పెళ్ళికి ముందు ఫొటో షూటింగులు, డ్రోన్ కెమెరాలు, స్టేజీ డెకరేషన్లు వచ్చాక ఈ లెక్కకు అంతు లేదు. ఇక్కడ యువతకూ ఒక మాట చెప్పాలి. తోట, చేతిపని, క్యాంపు అనేవి కూడా ఇప్పుడు డెకరేషన్ వాళ్ళు అమ్మే సరుకే. పాత లాంతర్లు, గోనెగుడ్డ రిబ్బన్లు, ఎడ్లబండి చక్రం అద్దెకు తెచ్చి పల్లెటూరు సెట్టింగు వేస్తే హాలుకంటే బిల్లు ఎక్కువ కావచ్చు. పల్లెటూళ్ళో ఉండి పల్లెటూరు సెట్టింగుకు డబ్బు కట్టడం మనకే చెల్లింది! ఇంకొకటి, కట్నం. 1961 నుంచి చట్టం నిషేధిస్తున్నా మన విశ్వాసుల ఇళ్ళల్లో కూడా అది తెర వెనుక నడుస్తూనే ఉంది. లక్షలు చేతులు మారాక ఆకుల పందిరి కింద నిలబడితే అది నిరాడంబర వివాహం కాదు. తోట పెళ్ళి అడిగే అబ్బాయి ముందు ఈ సంగతి తన తల్లిదండ్రులతో తేల్చుకుని రావాలి.

చేతిపనికి లేఖనాల్లో పెద్ద స్థానమే ఉంది. ప్రత్యక్ష గుడారానికి స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారు (నిర్గమ 35). ప్రజలు తెచ్చింది అవసరానికి మించిపోతే ఇక తేవద్దని మోషే చాటించవలసి వచ్చింది. అకుల, ప్రిస్కిల్ల దంపతులు డేరాలు కుట్టేవారు. వారితో కూర్చుని పౌలు కూడా అదే పని చేశాడు (అపొ. కా. 18). దగ్గరి సంగతి చెప్పాలంటే, 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో పాటు ఇండియాకు వచ్చి, మనకు వశిష్ఠ అవతలి ఒడ్డున నరసాపురం కేంద్రంగా సువార్త ప్రకటించిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ భార్యలతో కలిసి వచ్చినవారే. చేతిపనిని తక్కువగా చూసే మన దేశంలో గోదావరి డెల్టా సంఘాల మొదటి పేజీలో ఉన్నవి ఇలాంటి చేతులు.

పందిళ్ళలో కలిసి ఉండటమూ మన తెలుగు సంఘాలకు తెలిసిన సంగతే. భక్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో ఆరంభించిన పరిశుద్ధ సమావేశాలకు ఆధారం ఇందాక చెప్పిన లేవీయకాండం 23వ అధ్యాయమే. తర్వాత హైదరాబాదు హెబ్రోనులో ఏటేటా జరిగిన సమావేశాల్లో వేలమంది పందిళ్ళ కింద చాపలు పరుచుకుని, కలిసి వండుకుని, ఒకే బంతిలో తిన్నారు. స్థలం విషయంలో మరీ పట్టుబట్టేవారికి ఇంకో సంగతి. 1898లో న్యూయార్కులో ఎలిజా హాస్ అనే విశ్వాసురాలు వీధుల్లో తిరిగే పిల్లలకు వేసవి బైబిలు బడి పెట్టాలనుకున్నప్పుడు ఆమె అద్దెకు తీసుకున్నది ఒక బీరు హాలు. మన వి.బి.ఎస్.కు తొలి మెట్లలో అదొకటి.

ఇక చేతులతో చేసుకోవడమంటే ఎవరి చేతులతో అన్నది చూసుకోవాలి. తరగడం, వండటం, కడగటం ఆడవాళ్ళ మీద పడేసి, మగవాళ్ళు కుర్చీలు లెక్కపెడితే అది క్యాంపు కాదు. క్యాంపులో పనుల పట్టిక గోడకు అంటిస్తాం కదా, పెళ్ళికీ అంటించండి. పెళ్ళికొడుకు అన్నదమ్ముల పేర్లు గిన్నెల దగ్గర రాయండి. దింపు తీసేవారికి, తడికలు అల్లేవారికి, వంటమనిషికి కూలి పూర్తిగా ఇవ్వండి. విశ్వాసి గనుక ఊరికే చేస్తాడులే అనుకోవద్దు. వారిని చివరి బంతికి వదిలేయకుండా అందరితో కూర్చోబెట్టండి.

తోటలో పెళ్ళి పెట్టుకునేవారు ముందు చెట్ల కాయలు దింపించాలి. వధూవరుల తలల మీదికి దీవెనలు రావాలిగాని కొబ్బరికాయలు కాదు. ఎండు మట్టలు కూడా కొట్టించాలి. పొయ్యిలు, జనరేటరు పందిరికి బాగా దూరంగా, గాలి వాలు చూసి పెట్టాలి. 2004 జూలైలో కుంభకోణం బడిలో వంటగది నిప్పు ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆకు పందిరి వేసే ప్రతివారూ అది గుర్తుంచుకోవాలి. నీళ్ళ డ్రమ్ములు, ఇసుక బకెట్లు సిద్ధంగా ఉంచండి. వేసవిలో మన కాలువలు కట్టేస్తారు కాబట్టి వాడుక నీళ్ళకు కాలువను నమ్ముకోవద్దు. ముసలివాళ్ళకు, చంటిపిల్లల తల్లులకు నీడలో చోటు, దగ్గర్లో మరుగుదొడ్డి చూడాలి. ప్రమాణాలు ఉదయం ఎనిమిదింటికల్లా అయిపోతే ఎండ బాధ ఉండదు.

తీరికగా జరిగే పెళ్ళి అంటే క్రమం లేని పెళ్ళి కాదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం సాధారణంగా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడులోపు, అధికారం ఉన్న సేవకుని ఎదుట, కనీసం ఇద్దరు సాక్షులతో వివాహం జరగాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. కొన్ని సంఘాల్లో మందిరం బయట వివాహానికి ప్రత్యేక అనుమతి కావాలి కనుక కార్డులు రాయకముందే మీ పాస్టరు గారిని అడగండి. అనుమతి రాకపోతే ప్రమాణాలు మందిరంలో చేసి, విందు, పాటలు, ఆటలు తోటలో పెట్టుకోవచ్చు. ఆరుబయట మాట గాలికి పోతుంది. ప్రమాణం చెప్పేటప్పుడు జనరేటరు ఆపైనా సరే, వెనుక వరుసలో కూర్చున్న అమ్మమ్మకు వినబడాలి. ఆమె కూడా సాక్షే.

సంఘాలు ఒక పని చేయవచ్చు. చాపలు, పెద్ద గిన్నెలు, రాటలు, తాళ్ళు, ఒక మంచి మైకు సెట్టు కొని మందిరంలో ఉంచి, ఎవరి పెళ్ళికైనా అద్దె లేకుండా ఇవ్వవచ్చు. వి.బి.ఎస్.కూ అవే పనికివస్తాయి. పందిరి విప్పాక ఆ తడికలు ఎవరి వంటపాకకు, ఎవరి దడికి కావాలో ముందే అడిగి పేర్లు రాసుకోండి. మర్నాడు యువకులే మోసుకెళ్ళి కట్టి రావాలి. వానలు పడేలోగా అవి చేరవలసిన ఇళ్ళు ప్రతి పేటలోనూ ఉన్నాయి.