మావత్తు ఏడ పోయింది?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మంఖాల్‌లో మా నాయనమ్మ చెప్పిన కథలు ఫోన్‌లో రికార్డు చేశాను. మన క్లబ్ కోసం నలభై నిమిషాల వీడియో. శంషాబాద్‌లో దిగే విమానాల చప్పుడు మధ్యమధ్యలో వినిపిస్తుంది గానీ కథలు మాత్రం మస్తు వచ్చాయి. హాస్టల్‌కొచ్చాక ల్యాబ్ కంప్యూటర్‌లో ఉన్న ఒక పాత సాఫ్ట్‌వేర్‌తో సైజు తగ్గించి, మొదట్లో "నాయనమ్మ కథలు" అని పేరు వేసి ఇంటికి పంపాను.

వీడియో చూసి నాయనమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట: "మావత్తు ఏడ పోయింది బిడ్డా?"

ఆమె చదివింది మూడో తరగతి. నేను నాలుగుసార్లు చూసి కూడా పట్టుకోలేదు. తెర మీద "నాయనమ్‌మ" అని ఉంది. మ మీద పొల్లు, దాని పక్కన ఇంకో మ.

సంగతేమిటంటే, యూనికోడ్‌లో "మ్మ" అంటే మూడు సంకేతాలు: మ, పొల్లు, మళ్లీ మ. వాటిని కలిపి, రెండో మను ఒత్తుగా కిందికి దించే పనిని షేపింగ్ అంటారు. ఫాంట్‌లో ఒత్తు బొమ్మ ఉంటుంది, కానీ దాన్ని పిలిచి కూర్చోబెట్టే ప్రోగ్రామ్ కావాలి. హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ ఆ పని చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో మనకు తెలుగు సరిగ్గా కనిపించడం దాని చలవే. వీడియోల ప్రపంచంలో అందరూ వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ 2000లో మొదలైంది. అందులో వీడియో మీద అక్షరాలు వేసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్‌కు హార్ఫ్‌బజ్ తోడైంది మాత్రం 2023 నవంబరులో, 6.1 వెర్షన్‌తో.

ఎన్‌కోడింగ్ మాటొస్తే మన క్లాసులో అందరం కోడెక్‌ల గురించే మాట్లాడుకుంటాం. 2003 నాటి హెచ్.264 కన్నా 2018లో వచ్చిన ఏవీ1 తక్కువ డేటాలో అదే నాణ్యత ఇస్తుంది. అది చిన్న విషయమని నేననను. రోజుకింత డేటా అని లెక్క చూసుకునేవాళ్లకు ప్రతి ఎంబీ విలువైనదే. కానీ మన భాషకు అన్నిటికంటే పెద్ద మార్పు ఆ షేపింగేనని నా అభిప్రాయం. నాణ్యత కొంచెం తగ్గితే బొమ్మ మసకబారుతుంది, అయినా మనిషిని గుర్తుపడతాం. ఒత్తు పోతే మాటే పోతుంది.

"ఇంతోటి దానికి ఫోన్ యాప్‌లో పేరు వేసుకుంటే సరిపోదా?" అని నా రూమ్మేట్ అన్నాడు. ఒక్క వీడియోకైతే సరే. వంద పాఠాల మీద వంద పేర్లు వేయాలంటే స్క్రిప్టు రాయాల్సిందే. ఆ స్క్రిప్టు నడిచేది ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే.

ఇప్పుడు ఇంకో మెట్టు ముందుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ 8.0లో విస్పర్ ఫిల్టర్ ఉంది. వీడియోలో మాటలు విని సబ్‌టైటిల్స్ రాస్తుంది. దాని వెనకున్న విస్పర్ మోడల్‌ను 2022లో విడుదల చేసినప్పుడు 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చామన్నారు. అందులో ఎక్కువ భాగం ఇంగ్లీషే. భాషల జాబితాలో తెలుగు పేరు కూడా ఉంది. అయితే నాయనమ్మ "పొద్దుమీకినంక" అంటే, ఆ మాటను అది అంతకుముందు ఎన్నిసార్లు విని ఉంటుంది? జాబితాలో పేరుండటం వేరు, మన యాస అర్థం కావడం వేరు.

అందుకే మన క్లబ్‌కు ఒక సూచన. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, నాయనమ్మ లాంటి ఇరవై మాటలతో ఒక పరీక్ష వీడియో తయారుచేద్దాం. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా నడిపి చూద్దాం. మన ఊళ్ల మాటలతో సబ్‌టైటిల్స్ కూడా సరిచూద్దాం. తప్పు కనబడితే స్క్రీన్‌షాట్ పెట్టి బగ్ రిపోర్టు రాద్దాం. తెలుగు చదవడం రాని డెవలపర్‌కు మావత్తు పోయిందని మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు? దీనికి సీ భాష రానక్కర్లేదు, తెలుగు చదవడం వస్తే చాలు.

కొత్త వెర్షన్‌తో పేరు మళ్లీ వేసి వీడియో పంపాను. "ఇప్పుడు మంచిగుంది" అంది నాయనమ్మ. ఆ వెంటనే, "గా విమానం సప్పుడు గూడ తీసెయ్యరాదు?" అంది.

దాని పని మీదున్నాను.