పిల్లల వేసవి శిబిరం: ఎన్నుకొనుటలో మెలకువలు

ఏప్రిల్ మాసం సగం గడిచేసరికి నారాయణగూడ చౌరస్తా మొదలు ఆర్.టి.సి. చౌరస్తా వరకు గోడలకు, కరెంటు స్తంభాలకు రంగురంగుల ప్రకటనలు వెలుస్తాయి. ఈత, స్కేటింగు, కరాటే, చదరంగం, చిత్రలేఖనం, అబాకస్, వ్యక్తిత్వ వికాసం అంటూ ఒక్కొక్క ప్రకటనలో పది పన్నెండు విద్యల పేర్లు కనిపిస్తాయి. ముప్పది దినాలలో ఇన్ని విద్యలు నేర్పగల గురువులు మన పేటలో ఇంతమంది ఉన్న సంగతి మిగిలిన పదకొండు నెలలూ మనకు తెలియనే తెలియదు! మన రాష్ట్రంలో ఏప్రిల్ నాల్గవ వారంలో బడులు మూసి, జూన్ 12న తిరిగి తెరవడం ఇటీవలి సంవత్సరాలలో ఆనవాయితీ అయినది. అనగా ఏడు వారాల సెలవులు. ఈ ఏడు వారాలు పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించాలి అన్న ప్రశ్న ప్రతి ఇంటా పుడుతున్నది.

కళాశాల సంచికలో పసిపిల్లల శిబిరాల ప్రస్తావన ఏమిటని పాఠకులు అనుకోవచ్చును. మన విద్యార్థులలో పెక్కుమంది తమ ఇంట మొట్టమొదటి పట్టభద్రులు కాబోతున్నవారు. ముషీరాబాదు, భోలక్‌పూరు, బాకారం, రాంనగరు ప్రాంతాల నుండి వచ్చే వీరి తల్లిదండ్రులు దుకాణంలోనో, కార్ఖానాలోనో, ఇంటి కుట్టుపనిలోనో పొద్దు గడుపుకొనేవారు. ఇంటికి వచ్చిన కరపత్రం చదివి మంచిచెడ్డలు చెప్పవలసిన బాధ్యత భాయీజాన్‌దో, ఆపాదో అవుతున్నది. తమ్ముణ్ణి, చెల్లెల్ని చేయి పట్టుకొని తీసుకొనిపోయి రుసుము కట్టి వచ్చేదీ వారే. కావున ఈ నాలుగు మాటలు ముందుగా వారిని ఉద్దేశించి వ్రాస్తున్నాము.

మా అభిప్రాయం ముందే చెప్పివేస్తాము. వేసవి శిబిరం పిల్లల దేహానికి పని చెప్పేదిగా ఉండాలి. ఎన్ని విద్యలు నేర్పుతారన్న లెక్క కంటె, పిల్లవాడు ఎంతసేపు పరుగెత్తుతాడు, ఎంతసేపు వరుసలో నిలబడి ఊరక చూస్తాడు అన్న లెక్క ముఖ్యము. ఈ మాట ఎక్కడైనా చెల్లుతుంది గాని అశోక్‌నగర్ పరిసరాలలో మరింత గట్టిగా చెప్పవలసి ఉన్నది.

అశోక్‌నగర్ పేరు వింటే నేడు రాష్ట్రమంతటా గుర్తుకు వచ్చేది పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు. జిల్లాల నుండి వేలాది యువతీయువకులు వచ్చి ఇరుకు గదులలో తలదాచుకొని, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరికితే చాలునని ఉదయమే సంచులతో బయలుదేరుతారు. వారి కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఉద్యోగ ప్రకటన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే మనిషికి పుస్తకం ముందు కూర్చోవడం తప్ప వేరే దారి లేదు. కాని ఆ కూర్చునే అలవాటు మెల్లమెల్లగా క్రిందికి దిగి ఆరవ తరగతి పిల్లవాణ్ణి ఆవరిస్తున్నది. ఫౌండేషన్ కోర్సు అనీ, బ్రిడ్జి కోర్సు అనీ పేర్లు పెట్టి, వారానికి ఒక గంట యోగాభ్యాసం జోడించి, దానినే సమ్మర్ క్యాంపు అంటున్నారు. ఇరవై ఐదేళ్లవాడు ఉద్యోగం కోసం పడే తపస్సును పదేళ్లవాని చేత సెలవులలో చేయించడం ఏ న్యాయం?

అయిదేండ్ల నుండి పదిహేడేండ్ల వరకు వయసుగల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషాలైనా గుండె వేగం పెరిగేటట్లు శ్రమించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలలో చెప్పినది. ఎముకలకు, కండరాలకు బలమిచ్చే ఆటలు వారానికి మూడు దినాలైనా ఉండాలని కూడ అందులో ఉన్నది. బడి ఉన్న దినాలలో మన పిల్లలకు ఈ గంట దొరకడం కష్టం. అపార్టుమెంటు క్రింద నడిపే బడులలో ఆటస్థలమే ఉండదు. ఉన్నచోట ఆటల గంటను లెక్కల మాస్టరుగారు అరువు తీసుకొని తిరిగి ఇవ్వరు. కనుక సెలవులలోనైనా ఆ గంట దక్కాలి.

ఇక లెక్క చూద్దాము. క్రికెట్ శిబిరంలో 30 మంది పిల్లలు, ఒక వలపందిరి, ఒక బ్యాటు, 90 నిమిషాల కాలం. ఒక్కొక్క పిల్లవాని వంతుకు వచ్చేది మూడు నిమిషాలు. తక్కిన కాలమంతా ఎండలో నిలుచుండి, వచ్చిన బంతిని తిరిగి విసరడమే పని. అదే 30 మందిని ఆరుగురు చొప్పున ఐదు గుంపులు చేసి, గుంపుకొక బంతి ఇస్తే ఎవరికీ నిలబడే తీరిక ఉండదు. పైగా దీనికి పెద్ద ఖర్చు లేదు. శిబిరం చూడబోయినప్పుడు మన విద్యార్థులు చేయవలసిన పని ఇదే: కార్యాలయంలో ఫొటోల ఆల్బమ్ చూడక, మైదానం అంచున పావుగంట నిలబడి, ఒక మోస్తరు పిల్లవాణ్ణి, ఆటలో అంతగా చురుకు లేనివాణ్ణి, ఎంచుకొని అతని కాళ్లను గమనించాలి. చురుకైనవాడు ఎక్కడైనా ఆడుకుంటాడు. ఆ మోస్తరువాడు కదులుతున్నాడంటే అది మంచి శిబిరం.

ఈ సూత్రం మన నగరానికి కొత్త కాదు. 2024లో వచ్చిన ‘మైదాన్’ చలనచిత్రం వలన నేటి తరానికి కూడ తెలిసివచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ మన హైదరాబాదువారే. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చి ఫుట్‌బాల్ శిక్షకులైనవారు. వారి శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానం పొందినది. ఆయన కుర్రవాళ్లకు ఒక విచిత్రమైన నిబంధనతో పోటీలు పెట్టేవారు. బంతిని తన కాళ్ల దగ్గరనే ఉంచుకొని ఒక్కడే నడిపించుకొని పోరాదు, వెంటనే తోటివానికి అందించాలి. మరికొన్ని పోటీలలో వాటం లేని కాలితోనే ఆడాలి. మేటి ఆటగాళ్లను తయారుచేయడానికి పెట్టిన నిబంధనలే అయినా వాటి ఫలితం చూడండి: బంతి ఏ ఒక్కని సొత్తూ కాదు, అందరి వద్దకూ వస్తుంది. మన పేటలో వేలకు వేలు రుసుము తీసుకొనే శిబిరాలలో ఇంతటి ఆలోచన చేసినవి ఎన్ని ఉన్నవో వెదకవలసిందే.

ఎండ సంగతి చెప్పకుండా వేసవి శిబిరాన్ని గురించి వ్రాయడం తగదు. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది. మే నెలలో నలభై డిగ్రీలు మనకు వింత కాదు. పిల్లల దేహం ఆటలో తన బరువుకు మించి వేడిని పుట్టిస్తుంది, పెద్దలవలె చెమట పట్టించి దానిని వదిలించుకోలేదు. ఆటలో పడితే దాహం వేసిన సంగతి కూడ వారికి తోచదు. కాబట్టి బయటి ఆటలు ఉదయం ఆరు గంటలకు మొదలై ఎనిమిదిన్నర లోపల ముగియాలి. పది గంటలకు మైదానంలో పిల్లలను నిలబెట్టే శిబిరం ఎంత పేరున్నదైనా సరే, దాని గడప తొక్కనవసరం లేదు. అరగంటకొకసారి ఆట ఆపి నీళ్లు త్రాగించేవారు ఉన్నారా, చెట్టు నీడ ఉన్నదా, కండ్లు తిరిగిన పిల్లవాణ్ణి పడుకోబెట్టే చల్లని చోటు ఉన్నదా అని అడగాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి జావ ఇంటి నుండి పంపితే చాలును. రేకుల కప్పు క్రింద మేడమీద నడిపే కరాటే తరగతులు, గాలి చొరని సెల్లారులో నడిపే నృత్య తరగతులు అశోక్‌నగర్ వీధులలో లేకపోలేదు. నీడ ఉన్నది కదా అని మోసపోరాదు. రేకు క్రింది నీడ ఎండ కంటె హీనం.

ఇంతకూ ఈ ప్రాంతం ఆటపాటలకు గొడ్డుపోయినది కాదు. నారాయణగూడ వై.ఎం.సి.ఎ. మనకు సుపరిచితం. బాస్కెట్‌బాల్ 1891లోను, వాలీబాల్ 1895లోను అమెరికాలో ఆ సంస్థకు చెందిన శిక్షకుల చేతుల మీదుగానే పుట్టినవన్న సంగతి విద్యార్థులు తెలుసుకోదగినది. చలికాలంలో నాలుగు గోడల నడుమ పదిమందికీ పని కల్పించడానికి ఒక ఉపాధ్యాయుడు ఆలోచించి కట్టిన ఆట బాస్కెట్‌బాల్. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు 1940లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర బాలానంద సంఘం తరువాత నారాయణగూడకే చేరినది. పిల్లలు ఆడుతూ పాడుతూ ఎదగాలన్నదే ఆ దంపతుల పట్టుదల. పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ 1966 నాటిది. అశోక్‌నగర్ ప్రక్కనే 76 ఎకరాల ఇందిరా పార్కు ఉన్నది. దోమలగూడలో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఉన్నది. ఆటలు నేర్పడం ఒక శాస్త్రమని తెలిసినవారు అక్కడ తయారవుతున్నారు. కావున మీ తమ్మునికి నేర్పబోయే శిక్షకుడు అటువంటి శిక్షణ పొందినవాడా, లేక తానొకప్పుడు ఆడినవాడు మాత్రమేనా అని అడగడానికి జంకవలసిన పని లేదు.

నగరపాలక సంస్థ అనేక సంవత్సరాలుగా తన ఆటస్థలాలలో ఏప్రిల్ చివర నుండి మే చివర దాక నామమాత్రపు రుసుముతో వేసవి శిక్షణ శిబిరాలు నడుపుతూ వచ్చినది. చౌక కనుక నాసిరకమన్న అపోహ మన మధ్యతరగతిలో ఉన్నది. మా ఉద్దేశంలో ఇంటికి కాలినడక దూరంలో ఉన్న చౌక శిబిరం, వ్యాను ఎక్కి అరగంట పోవలసిన ఖరీదైన శిబిరం కంటె మేలు. నడిచిపోయే దారి కూడ వ్యాయామమే గదా! పైగా నెలాఖరున తల్లిదండ్రులకు చూపడానికి ‘గ్రాండ్ ఫినాలే’ పేరిట స్టేజీ ప్రదర్శన పెట్టే శిబిరాలలో చివరి పదిదినాలు ఆ రిహార్సలుకే పోతాయి. దుస్తుల ఖర్చు వేరు.

బాలికల విషయం కొంత నిదానించి చెప్పాలి. మన ఇళ్లలో పదకొండు పన్నెండేళ్లు రాగానే ఆడపిల్ల ఆట ఆగిపోతున్నది. దీనికి తల్లిదండ్రుల మొండితనమే కారణమని తీర్పు చెప్పడం తేలిక. వారిని కూర్చోబెట్టి మాట్లాడితే తెలిసేది వేరు. అక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి లేదు, నేర్పే స్త్రీ లేదు, మైదానం చుట్టూ గోడ లేదు, వీధిలో పోయేవారంతా నిలబడి చూస్తారు, ఫొటోలు తీసి వాట్సాపులో పెడతారు. ఇవి న్యాయమైన అభ్యంతరాలు. వీటిని తీర్చవలసిన భారం శిబిరం నడిపేవారిది. సల్వారు కమీజుతో, తలపై వస్త్రంతో ఆడతానన్న పిల్లను నిక్కరు వేసుకొని రమ్మని బలవంతపెట్టే శిక్షకుడు ఆమెకు ఆట నేర్పడం లేదు, ఆట మాన్పిస్తున్నాడు. తెలుగు బాలికలకు తమ భాషలో చదువు లేని కాలంలో మాడపాటి హనుమంతరావుగారు పూనుకొని 1928లో ఆరంభించిన పాఠశాల నారాయణగూడకు కీర్తి తెచ్చినది. అటువంటి పేటలో ఆడపిల్లలు గోడ చాటున ఒక గంట పరుగెత్తే వసతి నేడు కల్పించలేమా? నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగులో ప్రపంచ విజేత అయినప్పుడు మనమంతా మిఠాయిలు పంచుకున్నాము. ఆమెకు మొదటి తోడు తండ్రే అన్న సంగతి మరచినాము. పతకాల మాట అటుంచి, ఆడపిల్ల మెట్లు ఎక్కితే ఆయాసపడకుండా ఉంటే చాలునని మా కోరిక.

పిల్లలతో ఏకాంతంగా ఎవరు ఉంటారు, ఇంటికి ఎవరి చేతికి అప్పగిస్తారు అన్న ప్రశ్నలు బాలబాలికలిద్దరి విషయంలోను అడగాలి. 2012 నాటి పోక్సో చట్టం బాలబాలికలిద్దరినీ కాపాడడానికి వచ్చినదే. ఈ ప్రశ్న వినగానే ముఖం చిట్లించేవారి వద్ద పిల్లలను వదలరాదు.

2018 నుండి 2022 వరకు రంజాన్ మాసం వేసవి నెలలలో వచ్చినందున మన పిల్లలు శిబిరాలకు దూరమైనారు. 2026లో అది ఫిబ్రవరిలోనే మొదలైనది. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు దినాలు ముందుకు జరుగుతుంది గనుక రాబోయే ఇరవై ఏండ్లలో ఈ అడ్డంకి లేదు. సెలవులలో ఖురాన్ పఠనం నేర్చుకొనే పిల్లలకు తొమ్మిది గంటలకు పాఠం పెట్టుకొంటే ఉదయం మైదానం ఖాళీగానే ఉంటుంది. రెండింటికీ పోటీ పెట్టనక్కరలేదు.

మరొక మాట మన కళాశాల పెద్దలతో. వేసవిలో మన మైదానానికి తాళం వేసి ఉంటున్నది. ఉదయం ఆరు నుండి ఎనిమిదిన్నర వరకు, మే నెల మొదటి నాలుగు వారాలు, చుట్టుప్రక్కల పిల్లలకు దానిని తెరవవచ్చును. అరవైమంది పిల్లలకు పది బంతులు, పది తాళ్లు, సున్నపు గీతలు, రెండు నీళ్ల డ్రమ్ములు, ఒక మందుల పెట్టె, బాలికలకు ప్రత్యేకమైన వేళ లేక ప్రత్యేకమైన ప్రక్క కావాలి. వ్యాయామోపాధ్యాయుల పర్యవేక్షణలో పన్నెండుమంది విద్యార్థులు, వారిలో సగమైనా అమ్మాయిలు, వంతులవారీగా ముందుకు వస్తే ఒక్కొక్కరి చేతిలో ఐదుగురు పిల్లలుంటారు. పేర్లు ఇవ్వదలచినవారు వార్షిక పరీక్షలు ముగియకముందే తెలుగు శాఖలో మమ్ములను కలియవచ్చును. ఉర్దూ శాఖవారు కూడ సరేనన్నారు.