పన్నునొప్పి అని చెప్పాం

మొన్న మా టీమ్‌లో కుర్రాడొకడు లంచ్ టైమ్‌లో పక్కకి పిలిచి, "నాన్నగారి బయాప్సీ రిపోర్టు వచ్చిందండీ. ఆయనకి చెప్పొద్దని ఇంట్లో అందరూ అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగాడు. ఇంటి విషయాల్లో సలహాలిచ్చే అలవాటు నాకు లేదు. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఉంది. చెప్పెయ్యమన్నాను. ఎందుకంటే, మా అమ్మమ్మ సంగతి చెప్పాలి.

అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఊరు. అడ్డచుట్ట కాల్చేది. (తెలియనివాళ్ళ కోసం: నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చడం. మావైపు పాతతరం ఆడవాళ్ళలో మామూలే.) గాలికి ఆరదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. నిప్పు కనపడకుండా పొగ మాత్రం వస్తుంటే చిన్నప్పుడు మాకదో మ్యాజిక్కు. చుట్ట నోట్లో ఉండగానే చేపలు బేరమాడేది, మమ్మల్ని తిట్టేది. ఒక్కరోజు బడికి పోలేదు గానీ ఊళ్ళో ఎవరు ఎంత బాకీయో అన్నీ నోటిలెక్కే. నా మొదటి లాప్‌టాప్ చూసి "దీన్లో ఏటి దాస్తావురా?" అంది. లెక్కలన్నాను. "దానికి బుర్ర సాలదేటి?" అంది!

2006లో కట్టుడుపళ్ళ సెట్టు సరిపోవట్లేదని, అంగిట్లో మంటని గొణగడం మొదలెట్టింది. పళ్ళ డాక్టరు చూసి విశాఖపట్నం పంపాడు. అంగిలి క్యాన్సర్. మిగతాచోట్ల అరుదుగా వచ్చే ఈ రకం, అడ్డచుట్ట కాల్చే మావైపు ఎక్కువట. ఆ ముక్క నాకు అప్పుడే తెలిసింది.

అప్పటికే ముదిరిపోయింది. డాక్టరు మాతో ఇంగ్లీషులో మాట్లాడాడు, ఆవిడ మా మొహాలు చూస్తూ కూర్చుంది. బయటికొచ్చాక "పంటి దగ్గర పుండు, కరెంటు పెడితే తగ్గిపోతుంది" అన్నాం. ప్రాజెక్టు రెడ్‌లో ఉంటే స్టేటస్ రిపోర్టులో గ్రీన్ చూపించడం మనకి అలవాటేగా. ఆస్పత్రి బోర్డు మీద పీత బొమ్మ ఉంది. "ఆసుపత్రికి పీతేట్రా?" అంది. "ఏదో గుర్తులే అమ్మమ్మా" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

ఆవిడకి ఇచ్ఛాపురం దగ్గర ఒక చెల్లెలుంది. ముప్పై సెంట్ల పొలం దగ్గర మాటలు పోయి పదేళ్ళు. కరెంటు మొదలెట్టిన రెండోవారంలో "ఓపాలి సెల్లిని సూసొత్తానురా" అంది. "తగ్గాక నేనే కార్లో తీసుకెళ్తాగా" అన్నాను. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఐదు నెలల్లో పోయింది.

ఆవిడకి అంతా తెలుసనే నా అనుమానం. మేం దాస్తున్నాం కదా అని ఆవిడా దాచింది. ఒకే ఇంట్లో అయిదు నెలలు అందరం కలిసి నాటకం ఆడాం.

"చెబితే భయంతోనే పోతారేమోనండీ" అన్నాడు మా కుర్రాడు. నిజమే, అందరూ ఒకేలా ఉండరు. అసలు తెలుసుకోవాలని ఉందో లేదో ముందు మెల్లిగా ఆయన్నే అడగమన్నాను. కానీ పెద్దవాళ్ళు తట్టుకోలేరని మనకి మనమే తీర్పు చెప్పేస్తే ఎలా? 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు ప్రెస్‌మీట్ పెట్టి, నాకు క్యాన్సర్ అని తనే చెప్పారు. తొంభై ఏళ్ళ మనిషి! 'మనం'లో తన పని పూర్తిచేసుకుని 2014 జనవరిలో వెళ్ళిపోయారు. మిగిలిన రోజుల్ని ఎలా వాడుకోవాలో ఆయన చేతిలో ఉంది. మా అమ్మమ్మ విషయంలో అది మా చేతిలో పెట్టుకున్నాం. దాచింది ఆవిడ కోసమే అనుకున్నాం గానీ, ఆవిడ ఏడిస్తే ఎదురుగా కూర్చునే ధైర్యం మాకు లేదు. అదీ అసలు సంగతి.

పోయిన రోజు చిన్నమ్మమ్మ వచ్చింది. ఏడవలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి, "పన్నునొప్పని కబురెట్టారు గదరా. పన్నునొప్పికి ఎవులొస్తారు?" అంది.