వంతెనకు నాడి చూసేదెవరు?

1967 డిసెంబరు 15 సాయంకాలం. అమెరికాలో ఒహాయో నదిపై 1928లో నిర్మించిన సిల్వర్ బ్రిడ్జి వాహనాలతో కిక్కిరిసి ఉన్నది. చూస్తూండగానే వంతెన నదిలో కూలిపోయింది. 46 మంది మరణించారు. వంతెన భారాన్ని మోసే గొలుసులో ఒక ఉక్కు పట్టీ కన్నం వద్ద పుట్టిన బీట ఇందుకు కారణమని దర్యాప్తులో తేలింది. దాని లోతు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. కీలు విప్పితే తప్ప అది కనిపించదు. వాడుకలో ఉన్న వంతెన కీలు విప్పడం ఎవరి తరం? ఈ దుర్ఘటన అనంతరమే, 1971లో, వంతెనల తనిఖీకి ఆ దేశంలో జాతీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి.

రోగి తన బాధ చెప్పుకోగలడు, ఉక్కు చెప్పుకోలేదు. దానికి నోరిచ్చే ప్రయత్నాలలో కర్బన సూక్ష్మనాళికలది, అంటే కార్బన్ నానోట్యూబులది, విశిష్టమైన స్థానం. జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా 1991లో వీటిని లోకం దృష్టికి తెచ్చాడు. కర్బన పరమాణువుల పొరను చాపలా చుట్టినట్లుండే ఈ గొట్టాలు తలవెంట్రుక కన్న వేల రెట్లు సన్నం.

ఎపాక్సీ బంక స్వతహాగా విద్యుత్తును ప్రవహించనీయదు. నూటికి ఒక వంతు కన్న తక్కువ నాళికలను కలిపినా, అవి లోపలంతా వలలా అల్లుకొని విద్యుత్తుకు దారి ఏర్పరుస్తాయి. నాళికలు ఒకదానికొకటి తగలని చోట సైతం, ఎడం నానోమీటరు పాటిదైతే, ఎలక్ట్రాన్లు దాటిపోతాయి. రహస్యమంతా ఈ ఎడంలోనే ఉన్నది. పదార్థం సాగితే ఎడం పెరిగి విద్యున్నిరోధం హెచ్చుతుంది. బరువు తొలగాక నిరోధం పూర్వస్థితికి వస్తే అది వట్టి సాగుడే. రాకుండా నిలిచిపోతే, లోపల ఎక్కడో దారులు తెగి బీట పుట్టిందని అనుమానించాలి.

డెలావేర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు థోస్టెన్సన్, చౌ 2006లో గాజునార మిశ్రమ పదార్థంలో దీనిని ప్రదర్శించారు. నాళికలు పూసిన వస్త్రాన్ని కట్టడాలకు అతికించే ప్రయోగాలు తరువాత వచ్చాయి. పాత కొలత పట్టీ తాను అంటుకొన్న చోటునే ఎరుగును. జానెడు దూరంలో బీట పుడితే దానికి తెలియదు. వస్త్రమైతే విశాలమైన మేరను కనిపెట్టి ఉండగలదు.

చిక్కులు లేకపోలేదు. నాళికలు ముద్దకట్టకుండా బంకలో కలపడమే ఒక ప్రయాస. ఎండకూ తేమకూ కూడా నిరోధం మారుతుంది కనుక, మధ్యాహ్నపు వేడిమిని బీటగా పొరబడకుండా లెక్క సరిచూసుకోవాలి. అంతేకాదు, సిల్వర్ బ్రిడ్జి బీట కీలు లోపల దాగి ఉన్నది. పైన అతికించిన వస్త్రం దానిని పసిగట్టి ఉండేదని చెప్పడం కష్టం.