పిల్ల పక్కన ఒక మనిషి: జల్‌పల్లి బస్తీల ప్రణాళిక

మేం జల్‌పల్లి, షాహీన్‌నగర్, ఎర్రకుంట, పహాడీషరీఫ్, బాలాపూర్ బస్తీల వాళ్ళం. మగ్గం పని చేసుకునే ఆడవాళ్ళు, ట్యూషన్లు చెప్పే డిగ్రీ పిల్లలు, రిటైరైన టీచర్లు, ఆటో నడిపేవాళ్ళు ఇందులో ఉన్నారు. సంఘానికి ఇంకా పేరు పెట్టుకోలేదు. పేరూ బోర్డూ ఫ్లెక్సీ వచ్చాక అసలు పని అటకెక్కడం ఈ నగరంలో చాలాసార్లు చూశాం. మేం చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఈ బస్తీల నుంచి బాలల సంక్షేమ సమితి ముందుకో, పిల్లల మీద లైంగిక నేరాలు విచారించే పోక్సో కోర్టుకో వెళ్ళే ఏ పిల్లా ఒంటరిగా వెళ్ళకూడదు. మొదటి రోజు పక్కన కూర్చున్న మనిషే ఆఖరి ఆర్డర్ వచ్చే రోజు కూడా పక్కన ఉండాలి.

ఒకే మనిషి అని ఎందుకు పట్టుబడుతున్నామో చెప్తాం. అన్యాయం జరిగిన పిల్ల ముందు అమ్మకో, ఖాలాకో చెప్పుకుంటుంది. తర్వాత స్టేషన్లో ఎస్సైకి చెప్పాలి. ఆసుపత్రిలో డాక్టరమ్మకి చెప్పాలి. వాంగ్మూలం తీసుకునే మేజిస్ట్రేటుకి, సమితి సభ్యులకి, కౌన్సెలర్‌కి, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి, చివరికి కోర్టులో జడ్జిగారికి చెప్పాలి. ఈలోగా ఎస్సైకి బదిలీ అవుతుంది. ప్రాసిక్యూటర్ మారతారు. సమితి సభ్యుల పదవీకాలమే మూడేళ్ళకి మించదు. ఫైలు చేతులు మారుతూ పోతుంది, కొత్త ముఖం ఎదురైన ప్రతిసారీ పిల్ల కథ మొదటికొస్తుంది. అన్నీ తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉంటే కొన్నిసార్లైనా పిల్ల నోరు విప్పకుండానే పని జరుగుతుంది.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలోని సియాటిల్‌లో 1977లో డేవిడ్ సూకప్ అనే జడ్జి, తన ముందుకొచ్చే పిల్లల గురించి కాగితాలు తప్ప తనకేమీ తెలియడం లేదని శిక్షణ ఇచ్చిన మామూలు మనుషుల్ని ఒక్కో పిల్లకి ఒక్కొక్కరిగా పెట్టాడు. ఆ పద్ధతి అక్కడ దేశమంతా పాకింది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించాలని మాకు లేదు, ఆ అవసరమూ లేదు. మన చట్టంలోనే చోటుంది. పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. దాని కింద 2020 మార్చిలో వచ్చిన నిబంధనల్లో సపోర్ట్ పర్సన్, అంటే పిల్లకి తోడుండే మనిషి, ఎవరు, ఏం చేయాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్నది రాసి ఉంది. 2023 ఆగస్టు 18న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ అరవింద్ కుమార్‌ల ధర్మాసనం ఇంకో అడుగు ముందుకేసింది. ఇది రాజ్యం బాధ్యత, ఇష్టమైతే పెట్టేదీ లేకపోతే మానేసేదీ కాదు. వద్దనడానికి సరైన కారణాన్ని సమితి తన ఆర్డర్‌లో రాస్తే తప్ప ప్రతి పోక్సో కేసులోనూ సపోర్ట్ పర్సన్ ఉండాల్సిందే అంది. తీర్పు వచ్చింది కాబట్టి ఇక మనుషులు కావాలి. జల్‌పల్లి గల్లీల్లో తిరిగి, ఇక్కడి భాషలు మాట్లాడే మనుషులు కావాలి.

మా చోటు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. జల్‌పల్లి పేరు 2024 డిసెంబరులో టీవీల్లో రోజుల తరబడి మోగింది, ఒక సినిమా కుటుంబం గేటు దగ్గర గొడవతో. అదే జల్‌పల్లిలో ప్లాస్టిక్ స్క్రాప్ గోదాములున్నాయి. పక్కనే బాలాపూర్‌లో రోహింగ్యా కుటుంబాల గుడిసెలున్నాయి. బీహార్ నుంచి, కర్ణాటక నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వలసొచ్చినవాళ్ళున్నారు. మా బతుకంతా పాతబస్తీతో ముడిపడి ఉంటుంది, రికార్డులో మాత్రం మాది రంగారెడ్డి జిల్లా. గాజుల పని చార్మినార్ వైపు, ఇల్లు జల్‌పల్లిలో, కోర్టు ఎల్.బి. నగర్‌లో. పని చేసే చోట దెబ్బలు తిన్న పిల్లవాడి కేసు హైదరాబాద్ సమితికి వెళ్ళాలా, రంగారెడ్డి సమితికా అని పెద్దవాళ్ళు తేల్చుకునేలోపు పిల్లవాడు స్టేషన్ బెంచీ మీద కూర్చుంటాడు. చట్టం చూస్తే, ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోపు ఏదో ఒక సమితి ముందు హాజరుపరచాలంటుంది. సమితి నెలకి కనీసం 20 రోజులు కూర్చోవాలంటుంది. ఆ సంగతి స్టేషన్లో అడగగలిగిన మనిషి ఒకరు అక్కడ ఉండడమే మా మొదటి పని.

పాతబస్తీ పిల్లల గురించి దేశం ఉలిక్కిపడిన సందర్భాలు లేకపోలేదు. 1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఏడుస్తున్న చిన్నపిల్లని ఒక ఎయిర్ హోస్టెస్ గమనించింది. పక్కన కూర్చున్న ముసలి సౌదీ దేశస్థుడు పెళ్ళిచేసుకుని తీసుకెళ్తున్నాడని తేలింది. పిల్లని హోంకి పంపారు. కన్నవాళ్ళు తమకివ్వమన్నారు, ఎయిర్ హోస్టెస్ తనకివ్వమంది, వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. అప్పటి 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో ఇలాంటి తోడు మనిషి ప్రసక్తే లేదు. ఆ పాప పేరు అప్పుడు దేశంలోని పత్రికలన్నీ వేశాయి, ఫోటోతో సహా. మేం ఇక్కడ వేయం. అది మా నియమాల్లో ఒకటి కాబట్టి ఆ ముచ్చట తర్వాత చెప్తాం.

2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. ఇప్పటికీ ప్రతి జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతూనే ఉన్నాయి. విడిపించడం మంచి పనే, కాదనం. కాకపోతే విడిపించిన రోజు కెమెరాలుంటాయి, మర్నాటి నుంచి ఎవరూ ఉండరు. బకాయి కూలి ఎవరు అడగాలి? ఊరికి పంపితే అక్కడ అప్పు ఇంకా ఉందా? మళ్ళీ అదే దళారీ ఇంటికి వచ్చాడా? సమితి ఆర్డర్ వేయడానికి ముందు జరగాల్సిన సామాజిక విచారణకి చట్టం 15 రోజుల గడువు పెట్టింది. ఆ 15 రోజుల్లో పిల్లవాడు నిజంగా నమ్మి మాట్లాడే మనిషి దొరక్కపోతే నివేదికలో ఇంటి గదుల లెక్కా, తండ్రి సంపాదనా తప్ప ఇంకేం రాస్తారు?

కోర్టు వరండాలో మా పని ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకి వాదనలూ తీర్పులే కనిపిస్తాయి. వాయిదాకి పొద్దున పదిన్నరకల్లా రమ్మంటారు. కేసు పిలుపు మధ్యాహ్నం మూడున్నరకి రావచ్చు, ఆ రోజు రాకనే పోవచ్చు. అప్పటిదాకా పిల్ల ఏం తినాలి, బాత్రూంకి ఎవరితో వెళ్ళాలి, ఎవరి పక్కన కూర్చోవాలి? నిందితుడి తమ్ముడో, తల్లో అదే వరండాలో నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంటారు. ఏమీ అనరు, చూస్తారు అంతే. పిల్ల తల్లి దుపట్టా కొంగు పట్టుకుని గోడవైపు తిరుగుతుంది. అమ్మకి కూడా ఏం చేయాలో తెలీదు, ఎదుటివాళ్ళు ఆమెకి ఆడపడుచో, ఇంటి ఓనరో అయి ఉండొచ్చు. తోడు మనిషి చేయాల్సింది అప్పుడే. పిల్లని వేరే గదిలో కూర్చోబెట్టమని బెంచ్ క్లర్కుని అడగడం, ఎదుటివాళ్ళ సంగతి ప్రాసిక్యూటర్ చెవిన వేయడం, బెదిరింపు ఉంటే పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వడం. పిల్ల నిందితుడి కంటబడకుండా చూడాలని పోక్సో చట్టం 36వ సెక్షన్ చెప్తుంది. ప్రశ్నలు లాయరు నేరుగా అడగకూడదు, జడ్జి ద్వారా అడగాలి, మధ్యమధ్యలో విరామం ఇవ్వాలి, నమ్మకమైన మనిషి పక్కన ఉండొచ్చు అని 33వ సెక్షన్ చెప్తుంది. సున్నితమైన సాక్షుల కోసం వేరే కేంద్రాలు పెట్టమని 2022 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టులన్నిటికీ చెప్పింది. హైదరాబాద్‌లో బాధిత ఆడవాళ్ళకీ పిల్లలకీ సాయం చేసే భరోసా కేంద్రం 2016 నుంచి ఉంది, 2018లో అక్కడే పిల్లలకి అనువైన కోర్టూ మొదలైంది. ఇవన్నీ ఉన్నాయని జల్‌పల్లి తల్లికి ఎవరు చెప్పాలి? మేం చెప్తాం. ఒకసారి కాదు, ప్రతి వాయిదాకీ.

పిల్ల ఏం కోరుకుంటోంది, మాకేమనిపిస్తోంది అనే రెండింటినీ మేం ఎప్పుడూ కలిపి రాయం. ఇదే అన్నిటికన్నా కష్టమైన నియమం, దీని మీదే మాలో మాకు ఎక్కువ వాదన జరిగింది. తాగి కొట్టే తండ్రి దగ్గరికే వెళ్తానని పిల్లవాడు అంటే? హోంలో ఉండనని ఏడిస్తే? పిల్లలకి ఏం తెలుసని కొట్టిపారేయడం సులువు. వాడు చెప్పాడు కదా అని ఊరుకోవడమూ సులువే. సమితి ముందు వాడి మాట వాడి మాటగానే పెడతాం. ఆ ఇంట్లో మేం చూసింది వేరే పేజీలో రాస్తాం. పిల్ల దక్కనీలో చెప్తే అదే మాటల్లో రాయించమంటాం, బీహార్ పిల్లవాడికీ రోహింగ్యా పిల్లకీ దుబాసీని అడుగుతాం. దుబాసీని పెట్టాలని చట్టంలోనే ఉంది. చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళంతా పిల్లలే, ఆధార్ కార్డు ఉన్నా లేకపోయినా.

పిల్లకి మా మీద నమ్మకం పోతే? నిబంధనల్లో దీనికీ జవాబుంది: సపోర్ట్ పర్సన్‌ని మార్చమని పిల్ల అడిగితే కారణం చెప్పాల్సిన పని లేదు. మాలో ఎవరిని వద్దన్నా వాళ్ళు ఆ రోజే తప్పుకుంటారు. ఆ ఇంటికి వెళ్ళి ఎందుకమ్మా వద్దన్నావు అని అడగరు.

ఇప్పుడు గోప్యత సంగతి. మేం ఈ గల్లీల వాళ్ళమే కావడం మా బలం, మా ప్రమాదం కూడా. కిరాణా కొట్టు దగ్గర, నల్లా నీళ్ళ దగ్గర, జుమ్మా తర్వాత మసీదు మెట్ల మీద ఒక్క మాట జారితే ఆ పిల్ల బతుకు ఆగమవుతుంది. పిల్ల పేరు, స్కూలు, ఇల్లు తెలిసేలా ఏదీ బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తుంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మా నియమం ఇంకాస్త గట్టిది. వాట్సాప్‌లో ఏ పిల్ల సంగతీ రాయం. కోర్టు దగ్గర ఫోటోలు దిగం. ఇంట్లో మొగుడికీ పెళ్ళానికీ కూడా చెప్పం. ఒకసారి చెప్పినట్టు తేలితే వాళ్ళకి ఇక ఈ పనిలో చోటు లేదు, ఎంత మంచివాళ్ళైనా సరే.

రాజీ మాటకొస్తే మా వైఖరి సూటిగా ఉంటుంది. ఈ బస్తీల్లో కేసు పెట్టిన మూడో రోజుకల్లా పెద్దమనుషులు ఇంటికొస్తారు. బిర్యానీ, చాయ్, అల్లా సాక్షి, పిల్ల పెళ్ళి ఖర్చు మేం చూసుకుంటాం అంటారు. పిల్లల మీద లైంగిక నేరం నాలుగు గోడల మధ్య తెగే పంచాయితీ కాదు. తెలిసీ ఫిర్యాదు చేయకపోవడమే నేరం అంటుంది పోక్సో 21వ సెక్షన్. అలాంటి పంచాయితీలో మేం కూర్చోం, కూర్చున్నవాళ్ళకి కాగితం రాసిపెట్టం, తెచ్చిన డబ్బు చేత్తో అందుకోం. ఆ కుటుంబానికి డబ్బు నిజంగానే అవసరం, కాదనలేం. అందుకే తిండి, బట్టలు, ప్రయాణ ఖర్చుల కోసం సమితి సిఫారసు చేయగల తక్షణ సాయాన్నీ, ప్రత్యేక కోర్టు ఇవ్వగల మధ్యంతర పరిహారాన్నీ గడువులోగా అడగడం మా పనుల్లో పెట్టుకున్నాం. లాయరు ఖర్చుకి భయపడనవసరం లేదు, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పిల్లలకి ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

జీతం గురించి ఒక మాట. స్వచ్ఛందం కదా అని పేదవాళ్ళ కూలి పోగొట్టి సేవ చేయించడం మాకు నచ్చదు. ఒక వాయిదాకి వెళ్తే మగ్గం పని చేసేవాళ్ళకి ఆ రోజు కూలి పోతుంది. రిజిస్టర్‌లో ఉన్న సపోర్ట్ పర్సన్‌కి, నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని నిబంధనల్లో ఉంది. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి తీసుకుంటాం, సిగ్గుపడం. పిల్ల ఇంటి నుంచి మాత్రం చాయ్ డబ్బులు కూడా తీసుకోం. సపోర్ట్ పర్సన్ పనికి చదువు, అనుభవం అడుగుతారు కాబట్టి మాలో ఆ అర్హత ఉన్నవాళ్ళే ఆ పేరుతో వెళ్తారు. మిగతావాళ్ళు ఆటో తోలుతారు, స్కూల్లో మళ్ళీ చేర్పిస్తారు, తల్లికి తోడు వెళ్తారు. ఎవరికీ ఒకేసారి ఇద్దరికి మించి పిల్లల్ని అప్పగించం. పాతబస్తీలో 2002 నుంచి ఆడవాళ్ళతో పనిచేస్తున్న షాహీన్ సంస్థ, ఇదే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో పనివాళ్ళ పిల్లల్ని బడికి తెచ్చిన ఎం.వి. ఫౌండేషన్ చూపించింది కూడా ఇదే: ఊరివాళ్ళు కదిలితే తప్ప కాగితం కదలదు.

జిల్లా బాలల రక్షణ విభాగాన్ని మేం అడిగేవి ఎక్కువేం కాదు. సపోర్ట్ పర్సన్ల రిజిస్టర్‌లో ఈ బస్తీల మనుషుల పేర్లుండాలి. ఆ జాబితా ఈ ప్రాంతపు ప్రతి పోలీస్ స్టేషన్ బల్ల మీద ఉండాలి. ఎఫ్‌ఐఆర్ అయిన 24 గంటల్లో కేసు సంగతి సమితికి తెలియజేయాలన్న నిబంధన పాటించాలి, తోడు మనిషి అదే వారంలో నియామకం కావాలి. పోక్సో కేసు కాని పిల్లలకి, అంటే నిర్లక్ష్యానికి గురైనవాళ్ళకి, పనిలోంచి విడిపించినవాళ్ళకి చట్టంలో ఈ పేరుతో చోటు లేదు. సమితి తనకున్న అధికారంతో వాళ్ళకీ ఒక మనిషిని అనుమతించాలి. మా నెలవారీ నివేదికలు చదవాలి. చదివారో లేదో అడుగుతాం.

ఆఖరి నియమం మా గురించే. నిందితుడు మాలో ఎవరికైనా బంధువైతే, మా గల్లీ పెద్దైతే, మా మసీదు ఇమామో గుడి పూజారో మా బడి టీచరో అయితే, ఆ తోడు మనిషి అదే రోజు తప్పుకుని సమితికి రాసివ్వాలి, ఆ పిల్లకి వేరే బస్తీ నుంచి మనిషి రావాలి. నిందితుడు మా సంఘంలోనే ఉంటే సంఘం సమావేశం పెట్టుకుని చర్చించదు. తెలిసినవాళ్ళు నేరుగా 1098కో, స్టేషన్‌కో ఫోన్ చేస్తారు. ఈ పేరా కింద సంతకం పెట్టడానికి వెనకాడినవాళ్ళని మేం చేర్చుకోలేదు.