వాద్యానికి అందని పాటలు



సంగీత పరీక్షలపై గతవారం మీ పత్రికలో వేసిన వ్యాసంలో, బేస్ గిటార్ విద్యార్థులు ఒంటరిగా వాయించడానికి జాకో పాస్టోరియస్ ‘డోనా లీ’ని సూచించారు. 1976 నాటి ఆ రికార్డులో జాకో ఒంటరిగా లేడు. పక్కన డాన్ అలయాస్ అనే వాద్యకారుడు కాంగా డ్రమ్ములు వాయిస్తుంటాడు. లయ నిలిపే ఆ చేతులు లేకపోతే పిల్లలు పరుగు అందుకుంటారు. అదే ఆల్బమ్‌లోని ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’ అసలైన సోలో. తీగను అదిమిపట్టకుండా, తాకీ తాకనట్టు వేలుంచి పలికించే హార్మోనిక్స్‌తోనే చాలావరకు నడుస్తుంది. వేళ్లు బాగా చాచాలి కనుక చిన్నపిల్లలకు మాత్రం వద్దు.

బాఖ్ మొదటి చెల్లో సూట్ ప్రెల్యూడ్ ఎవరైనా వాయించొచ్చన్న మాటా ఒప్పుకోలేను. మన వీణకు 24 మెట్లు. మావాడి బేస్‌కు ఇరవయ్యే. చెల్లో స్థాయిలో వాయిస్తే చివర పైకెక్కే జి స్వరం దానిమీద లేదు. ఒక స్థాయి దించితే కింది స్వరాలు అన్నిటికన్నా మంద్రమైన ఇ తీగ కిందకి జారిపోతాయి. ఈ సంగతి మాకు తెలిసింది పరీక్షకు పది రోజుల ముందు! వాడు అన్నం కూడా సరిగా తినలేదు.

వ్యాసం రెండో భాగంలో ప్రతి పాట పక్కన ఎన్ని తీగలు, ఎన్ని మెట్ల గిటార్ కావాలో రాయమని వ్యాసకర్తకు నా మనవి.

– ఒక విద్యార్థి తండ్రి, సికింద్రాబాద్